బాటర్‌సీ నార్త్ నియోజకవర్గం (1918–1983): తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున బాటర్‌సీ నార్త్ అనే పార్లమెంటు నియోజకవర్గం ఉండేది. 1918లో ఏర్పడింది, 1983లో రద్దయింది. ఈ 65 ఏళ్లలో అక్కడి నుంచి గెలిచినవాళ్లు ఏడుగురే. మన దేశంలో ఈ పేరు ఎవరికైనా తెలిసిందంటే అది షాపూర్జీ సక్లత్‌వాలా వల్లే. ఆయన గురించి రాసే చాలామంది "బాటర్‌సీ నుంచి ఎంపీగా గెలిచారు" అని ఒక్క వాక్యంతో ముందుకు వెళ్లిపోతారు. ఆ ఓట్లు ఎవరివి, ఎలా వచ్చాయి, ఎందుకు పోయాయి అన్న సంగతి మిగిలిపోతుంది. నాకు ఆసక్తి ఉన్నది అక్కడే. అందుకే ఆ భాగానికి కొంచెం ఎక్కువ చోటిచ్చాను.

బాటర్‌సీ ఎలాంటి ప్రాంతం?

ఇప్పుడు చూస్తే ఖరీదైన అపార్ట్‌మెంట్లు, మాల్‌గా మారిన పాత విద్యుత్ కేంద్రం కనిపిస్తాయి. వందేళ్ల కిందట పూర్తిగా వేరు. నది ఒడ్డున ఉన్న ఉత్తర భాగమంతా పొగ, మసి, రైలు పట్టాలు. నైన్ ఎల్మ్స్ దగ్గర రైల్వే యార్డులు, గ్యాస్ తయారుచేసే కర్మాగారం, ప్రైస్ కంపెనీ కొవ్వొత్తుల ఫ్యాక్టరీ, లోహాలు కరిగించే మూసలు తయారుచేసే మోర్గాన్ ఫ్యాక్టరీ ఉండేవి. వాటిలో పనిచేసే కుటుంబాలు ఇరుకు ఇళ్లలో ఉండేవి. ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లూ తక్కువేం కాదు. దక్షిణం వైపు ఎత్తైన నేల మీద మాత్రం కాస్త ఉన్నవాళ్లు ఉండేవారు. బాటర్‌సీని ఉత్తరం, దక్షిణం అని రెండు నియోజకవర్గాలుగా కోసినప్పుడు ఆ గీత దాదాపు ఈ తేడా మీదుగానే పడింది.

1918కి ముందు అక్కడ ఎవరు గెలిచేవారు?

1885 నుంచి బాటర్‌సీ పేరుతో ఒకే నియోజకవర్గం ఉండేది. మొదట గెలిచింది లిబరల్ పార్టీకి చెందిన ఆక్టేవియస్ వాన్ మోర్గాన్. పైన చెప్పిన మోర్గాన్ ఫ్యాక్టరీ ఆ కుటుంబానిదే. అంటే ఓటర్లలో చాలామంది పనివాళ్లు, ఎంపీ యజమాని. 1892లో ఇది తారుమారైంది. ఇంజనీరింగ్ పనివాడు, 1889 నాటి లండన్ డాక్ కార్మికుల సమ్మె నాయకుల్లో ఒకరు అయిన జాన్ బర్న్స్ గెలిచారు. ఆ తర్వాత 26 ఏళ్లపాటు ఆ సీటు ఆయనదే. 1905లో లిబరల్ ప్రభుత్వంలో క్యాబినెట్ మంత్రి అయ్యారు. కార్మిక కుటుంబం నుంచి ఆ స్థాయికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. 1914లో బ్రిటన్ యుద్ధంలోకి దిగడం ఇష్టం లేక పదవి వదులుకున్నారు. 1918లో మళ్లీ పోటీ చేయలేదు.

బర్న్స్ కాలంలోనే బాటర్‌సీ స్థానిక కౌన్సిల్‌కు ఒక పేరు వచ్చింది. కాంట్రాక్టర్లను పక్కనబెట్టి, సొంతంగా కూలీలను పెట్టుకుని 1903లో లాచ్‌మియర్ ఎస్టేట్ అనే కార్మికుల కాలనీ కట్టించింది. అందులో వీధుల పేర్లు చూస్తే ఆ మనుషుల మనసు తెలిసిపోతుంది: రిఫార్మ్ స్ట్రీట్, ఫ్రీడమ్ స్ట్రీట్, ఇంకా జూబర్ట్ స్ట్రీట్. జూబర్ట్ అంటే బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంతో పోరాడిన సేనాని! సొంత దేశం ఏ సేనాని మీద యుద్ధం చేసిందో, ఆయన పేరు వీధికి పెట్టుకున్న ఊరు అది. తర్వాత జరిగినవి అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నియోజకవర్గం 1918లోనే ఎందుకు ఏర్పడింది?

ఆ ఏడాది ఓటు హక్కు చట్టం మారింది. ఆస్తి షరతులు పోయి 21 ఏళ్లు నిండిన మగవాళ్లందరికీ, కొన్ని షరతులతో 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకూ ఓటు వచ్చింది. దాంతోపాటే నియోజకవర్గాల హద్దులన్నీ తిరగరాశారు. అలా బాటర్‌సీ రెండైంది.

మొదటి ఎన్నికలో ఏం జరిగింది?

లేబర్ పార్టీ తరఫున షార్లెట్ డెస్పార్డ్ నిలబడ్డారు. అప్పటికి ఆమెకు 74 ఏళ్లు. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జైలుకు వెళ్లొచ్చిన మనిషి. భర్త చనిపోయాక, 1890లో నైన్ ఎల్మ్స్ పేదల మధ్యకే కాపురం మార్చి, అక్కడ వైద్యశాల, భోజనశాల నడిపారు. ఆమె సొంత తమ్ముడు సర్ జాన్ ఫ్రెంచ్ యుద్ధం మొదట్లో ఫ్రాన్స్‌లోని బ్రిటిష్ సైన్యానికి అధిపతి. అక్కేమో ఆ యుద్ధమే వద్దని ఊరూరా తిరిగి చెప్పారు.

ఆడవాళ్లు పార్లమెంటుకు పోటీ చేయవచ్చన్న చట్టం వచ్చింది 1918 నవంబరులో. డిసెంబరులోనే ఎన్నిక. దేశం మొత్తం మీద ఆ ఎన్నికల్లో నిలబడిన ఆడవాళ్లు 17 మంది, అందులో డెస్పార్డ్ ఒకరు. యుద్ధం గెలిచిన ఊపులో జనం ఉన్నప్పుడు శాంతి గురించి మాట్లాడిన అభ్యర్థి గెలవడం కష్టమే. లిబరల్ అభ్యర్థి రిచర్డ్ మోరిస్ సులువుగా గెలిచారు. డెస్పార్డ్‌కు పోలైన ఓట్లలో మూడో వంతు వచ్చాయి. ఇది చిన్న విషయం కాదని నేను అనుకుంటాను. అలాంటి రోజుల్లో అలాంటి అభ్యర్థికి ముగ్గురిలో ఒకరు ఓటేశారంటే, ఆ పునాది మీద ఏదైనా కట్టవచ్చని స్థానిక కార్మిక సంఘాల వాళ్లకు తెలిసి ఉంటుంది.

సక్లత్‌వాలా ఎవరు?

1874లో బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. తల్లి జెర్‌బాయి, జంషెట్‌జీ టాటా చెల్లెలు. అంటే టాటాకు స్వయానా మేనల్లుడు. బొంబాయిలో ప్లేగు వచ్చిన రోజుల్లో, టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్‌తో కలిసి మురికివాడల్లో పనిచేశారు. తర్వాత టాటాల ఉక్కు ప్రయత్నాల కోసం ఇనుప ఖనిజం వెతుకుతూ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. 1905లో వైద్యం కోసం ఇంగ్లండ్ వెళ్లారు. డెర్బీషైర్‌లోని మాట్‌లాక్ అనే ఊళ్లో చికిత్స తీసుకుంటుండగా శాలీ మార్ష్ అనే అమ్మాయి పరిచయమైంది, 1907లో పెళ్లి చేసుకున్నారు. ఒకవైపు టాటాల లండన్ ఆఫీసులో ఉద్యోగం, మరోవైపు ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యత్వం. 1921లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. అప్పట్లో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడిగా ఉంటూనే లేబర్ పార్టీలోనూ ఉండే వీలుండేది. ముందు ముందు గొడవంతా ఇక్కడి నుంచే వచ్చింది.

భారతీయుడు బ్రిటిష్ పార్లమెంటుకు ఎలా పోటీ చేయగలిగారు?

చట్టం దృష్టిలో అప్పుడు బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్లు బ్రిటిష్ ప్రజలే. బ్రిటన్‌లో నివాసం ఉంటే అక్కడ ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు. తన దేశంలో తనను పాలించేవాళ్లను ఎన్నుకునే హక్కు లేని మనిషికి, ఆ పాలకుల దేశంలో మాత్రం ఎంపీ అయ్యే హక్కు ఉండేది. దాదాభాయ్ నౌరోజీ ఈ దారిలోనే వెళ్లారు. 1892లో లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే మెజారిటీతో లిబరల్ పార్టీ తరఫున గెలిచారు. 1895లో బెత్నల్ గ్రీన్ నార్త్ ఈస్ట్ నుంచి కన్సర్వేటివ్ పార్టీ తరఫున మంచర్జీ భౌనగ్రీ గెలిచారు. సక్లత్‌వాలా మూడోవారు. ముగ్గురూ పార్సీలే, ముగ్గురివీ మూడు వేర్వేరు పార్టీలు.

బాటర్‌సీకి ఆయనను ఎవరు తెచ్చారు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఓట్ల లెక్కలు చెప్పి లాభం లేదు. ఆ రోజుల్లో బాటర్‌సీలో లేబర్ పార్టీ అంటే ఢిల్లీ నుంచి టికెట్ తెచ్చుకునే లాంటి పార్టీ కాదు. అక్కడి కార్మిక సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న ట్రేడ్స్ కౌన్సిల్, స్థానిక లేబర్ పార్టీ ఒకే సంస్థగా పనిచేసేవి. రైల్వే, గ్యాస్, బిల్డింగ్ కార్మికుల సంఘాల ప్రతినిధులు కూర్చుని అభ్యర్థిని ఎంచుకునేవారు. ఇంటింటికీ తిరగడానికి మనుషులు అక్కడి నుంచే వచ్చేవారు.

ఆ బృందంలో ముఖ్యమైన మనిషి జాన్ ఆర్చర్. లివర్‌పూల్‌లో పుట్టారు. తండ్రిది బార్బడోస్, తల్లి ఐరిష్. బాటర్‌సీలో ఫొటో స్టూడియో నడుపుకునేవారు. 1913లో ఒకే ఒక్క ఓటు తేడాతో బాటర్‌సీ మేయర్‌గా ఎన్నికయ్యారు. లండన్‌లో నల్లజాతి నుంచి మేయర్ అయిన మొదటి వ్యక్తి ఆయన. సక్లత్‌వాలాకు ఎలక్షన్ ఏజెంట్‌గా పనిచేసింది ఈ ఆర్చరే. ఓటర్ల జాబితాలు పట్టుకుని ఏ వీధిలో ఎవరు తమవైపు, ఎవరు ఊగిసలాటలో ఉన్నారు అని లెక్కలు కట్టడం ఏజెంట్ పని. మన దగ్గర బూత్ ఏజెంట్ల పనికి ఇది పెద్దన్న లాంటిది. ఆర్చర్ ఆ పనిలో ఆరితేరినవారు.

1922లో ఎలా గెలిచారు?

పోలింగ్ నవంబరు 15న జరిగింది. లేబర్ అభ్యర్థిగా సక్లత్‌వాలాకు 11,311 ఓట్లు. నేషనల్ లిబరల్ అభ్యర్థి హెన్రీ హాగ్‌బిన్‌కు 9,290. ఇంకో లిబరల్ అభ్యర్థి ఆల్బుకు 1,756. మెజారిటీ 2,021.

ప్రత్యర్థుల ఓట్లు చీలడం వల్లే గెలిచారని కొందరు అంటుంటారు. ఇద్దరు లిబరల్స్ ఓట్లూ కలిపి చూడండి: 11,046. అప్పుడు కూడా సక్లత్‌వాలాయే 265 ఓట్లు ముందున్నారు. పోలైన ఓట్లలో సగానికి పైగా ఆయనవే. కాబట్టి అది చీలిక గెలుపు కాదు. అయితే చాలా సన్నని గెలుపు, అది కూడా నిజమే.

అదే ఎన్నికల్లో స్కాట్లండ్‌లోని మదర్‌వెల్ నుంచి వాల్టర్ న్యూబోల్డ్ నేరుగా కమ్యూనిస్టు పేరుతోనే గెలిచారు. ఇద్దరూ ఒకేసారి సభలోకి వెళ్లారు.

1923లో ఓట్లు పెరిగినా ఎందుకు ఓడిపోయారు?

ఏడాదికే మళ్లీ ఎన్నికలు. ఈలోపు రెండుగా చీలిన లిబరల్ పార్టీ దేశవ్యాప్తంగా ఒక్కటైంది. బాటర్‌సీ నార్త్‌లో కన్సర్వేటివ్ అభ్యర్థి లేరు. ముఖాముఖి పోటీ. హాగ్‌బిన్‌కు 12,527, సక్లత్‌వాలాకు 12,341. తేడా 186.

అంతకు ముందటేడు గెలిచినప్పటి కంటే వెయ్యికి పైగా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని ఓడిపోయారు. కిందటిసారి ఇంట్లో కూర్చున్న లేబర్ వ్యతిరేక ఓటర్లు కూడా ఈసారి పోలింగ్‌కు వచ్చారు. ఇలాంటి ఓటమి తర్వాత అభ్యర్థిని మార్చేసే పార్టీలు చాలా ఉంటాయి. బాటర్‌సీ వాళ్లు మార్చలేదు.

1924లో కమ్యూనిస్టు అభ్యర్థిగా గెలవడం ఎలా సాధ్యమైంది?

ఈ నియోజకవర్గం చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఎన్నిక ఇది. ఎందుకంటే లెక్క ప్రకారం ఆయన గెలవకూడదు.

ఆ అక్టోబరులో లేబర్ పార్టీ మహాసభ కమ్యూనిస్టులను ఇకపై లేబర్ అభ్యర్థులుగా నిలబెట్టకూడదని తీర్మానించింది. దాంతో సక్లత్‌వాలా కమ్యూనిస్టుగానే నామినేషన్ వేశారు. హాగ్‌బిన్ ఈసారి కాన్‌స్టిట్యూషనలిస్ట్ అన్న కొత్త పేరుతో దిగారు. అంటే లిబరల్, కన్సర్వేటివ్ ఓట్లు రెండూ ఒకే పెట్టెలో పడేట్టు చూసుకున్నారు. చర్చిల్ కూడా అదే ఎన్నికలో ఎప్పింగ్ నుంచి అదే పేరుతో నిలబడ్డారు. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు, అక్టోబరు 25న, డైలీ మెయిల్ పత్రిక ‘జినోవియెవ్ లేఖ’ ప్రచురించింది. బ్రిటన్‌లో విప్లవం లేపమని మాస్కో నుంచి వచ్చినట్టు చెప్పిన ఆ ఉత్తరం నకిలీదని ఇప్పుడు చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు. ఆ నాలుగు రోజులూ మాత్రం దేశమంతా ఎర్రజెండా భయమే. కన్సర్వేటివ్ పార్టీ భారీ మెజారిటీతో అధికారంలోకి వచ్చింది. న్యూబోల్డ్ కిందటేడే ఓడిపోయారు.

బాటర్‌సీ నార్త్ ఫలితం: సక్లత్‌వాలా 15,096, హాగ్‌బిన్ 14,554. మెజారిటీ 542.

జరిగిందేమిటంటే, పైన పార్టీ తీర్మానం చేసినా కింద ట్రేడ్స్ కౌన్సిల్ కదల్లేదు. లేబర్ పార్టీ పోటీగా అభ్యర్థిని పెట్టలేదు. ఆర్చర్ మళ్లీ ఏజెంట్‌గా పనిచేశారు. నిన్నటిదాకా లేబర్ అని ఓటేసినవాళ్లకు బ్యాలెట్ మీద పార్టీ పేరే కనిపించదు, అప్పట్లో అభ్యర్థుల పేర్లే ఉండేవి. తలుపు తట్టి చెప్పేవాళ్లు పాతవాళ్లే, చెప్పిన పేరూ పాతదే. 11,311, తర్వాత 12,341, తర్వాత 15,096. మూడు ఎన్నికల్లోనూ ఓట్లు పెరుగుతూనే వచ్చాయి. 1924 నుంచి 1929 దాకా హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఉన్న ఏకైక కమ్యూనిస్టు ఆయనే.

ఓటర్లలో భారతీయులు ఎక్కువగా ఉండేవారా?

లేరు. ఆ కాలంలో బాటర్‌సీలో ఉన్న భారతీయులు ఎన్నికను మార్చగల సంఖ్యలో లేరు. ఓటేసింది ఇంగ్లిష్, ఐరిష్ కార్మికులే. ‘మనవాడు’ అన్న మాటను వాళ్లు పుట్టిన ఊరితో కొలవలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర, నిరుద్యోగుల ఊరేగింపులో పక్కన నిలబడ్డవాడిని మనవాడు అన్నారు.

పార్లమెంటులో ఆయన ఏం మాట్లాడారు? తెలుగువాళ్లకు ఏమైనా సంబంధం ఉందా?

గృహవసతి, నిరుద్యోగం గురించి మాట్లాడారు. 1922లో సభలోకి వెళ్లగానే ఐర్లండ్ రాజ్యాంగ బిల్లును వ్యతిరేకిస్తూ మాట్లాడారు. ఐర్లండ్‌కు ఇస్తున్నది నిజమైన స్వాతంత్య్రం కాదన్నది ఆయన వాదన. అన్నిటికంటే ఎక్కువగా ఇండియా గురించి మాట్లాడారు. బాటర్‌సీని వదిలేసి ఇండియాకు ఎంపీగా ఉన్నాడని ప్రత్యర్థులు వేలెత్తి చూపేవారు. ఆయన మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: బొంబాయి మిల్లు కూలీకి తక్కువ జీతమిస్తే దాని దెబ్బ లాంకషైర్ మిల్లు కూలీకీ తగులుతుంది.

మనకు దగ్గరి సంబంధం 1927 నవంబరు నాటిది. ఒక్క భారతీయుడు కూడా లేని సైమన్ కమిషన్ గురించి పార్లమెంటు చర్చించింది. లేబర్ పార్టీ ఒప్పుకుంది, తన ఎంపీలనూ కమిషన్‌లోకి పంపింది, అట్లీ అందులో ఒకరు. సక్లత్‌వాలా లేచి వ్యతిరేకించారు. మూడు నెలలు తిరక్కుండానే, 1928 ఫిబ్రవరిలో, మద్రాసు వీధుల్లో ‘సైమన్ గో బ్యాక్’ హర్తాళ్ జరిగింది. పోలీసు తుపాకుల ముందు టంగుటూరి ప్రకాశం గారు ఛాతీ చూపి నిలబడి ‘ఆంధ్రకేసరి’ అయ్యారు. మద్రాసు వీధిలో ప్రకాశం గారు ఏ కమిషన్‌ను అడ్డుకున్నారో, దాన్నే లండన్ సభలో బాటర్‌సీ ఎంపీ అడ్డుకున్నారు. ఆ కథ చెప్పేటప్పుడు ఈ రెండో పేరు కూడా చెబితే బాగుంటుంది.

అంతకు ముందు, 1927 జనవరిలో సక్లత్‌వాలా ఇండియా వచ్చారు. గాంధీజీకి బహిరంగ లేఖ రాసి ఖద్దరు ఉద్యమాన్ని, ‘మహాత్మా’ అన్న పిలుపును కూడా ప్రశ్నించారు. గాంధీజీ యంగ్ ఇండియా పత్రికలో మర్యాదగా, గట్టిగా జవాబిచ్చారు. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక సక్లత్‌వాలా మళ్లీ ఇండియా రాకుండా ప్రభుత్వం అడ్డుకుంది. పుట్టిన దేశాన్ని ఆయన మళ్లీ చూడలేదు.

ఎంపీగా ఉండగానే జైలుకు ఎందుకు వెళ్లారు?

1926 మే 1న హైడ్ పార్క్‌లో మాట్లాడుతూ, సమ్మె చేస్తున్నవాళ్ల మీద కాల్పులు జరపవద్దని సైనికులను కోరారు. అది సార్వత్రిక సమ్మెకు ముందు రోజులు. మంచి నడవడికకు పూచీకత్తు ఇస్తే వదిలేస్తామన్నారు, ఆయన ఇవ్వనన్నారు. రెండు నెలలు వార్మ్‌వుడ్ స్క్రబ్స్ జైల్లో ఉన్నారు.

మరి 1929లో ఎందుకు ఓడిపోయారు?

భారతీయుడు కాబట్టి అని ఒక జవాబు, కమ్యూనిజం మీద జనానికి విరక్తి కలిగిందని ఇంకో జవాబు వినిపిస్తుంటాయి. నాకు రెండూ సరిపోవు. ఏడేళ్లుగా ఆ రెండు సంగతులూ ఓటర్లకు తెలుసు.

మారింది కింద ఉన్న యంత్రాంగం. సక్లత్‌వాలాను సమర్థిస్తూనే ఉన్నందుకు 1926లో బాటర్‌సీ స్థానిక శాఖను లేబర్ పార్టీ తన గుర్తింపు నుంచి తీసేసింది. దాని బదులు కొత్త శాఖ పెట్టింది. సంఘాలు ఒక్కొక్కటిగా అటు వెళ్లాయి. జాన్ ఆర్చర్ కూడా వెళ్లారు. 1929లో అధికారిక లేబర్ అభ్యర్థి విలియం శాండర్స్‌కు ఏజెంట్ ఆయనే. ఏడేళ్లు ఒకరి కోసం తయారుచేసిన వీధుల లెక్క ఇప్పుడు ఇంకొకరి చేతిలో ఉంది. ఇంకోవైపు కమ్యూనిస్టు పార్టీ కూడా అప్పుడే లేబర్‌తో ఏ పొత్తూ వద్దు, వాళ్లే అసలు శత్రువులు అన్న పంథా పట్టింది. పాత స్నేహితులతో రాజీ పడే దారి కూడా మూసుకుపోయింది.

మే 30న వచ్చిన ఫలితం ఇది: శాండర్స్ (లేబర్) 13,265, ఆర్థర్ మార్స్‌డెన్ (కన్సర్వేటివ్) 10,833, సక్లత్‌వాలా 6,554. లిబరల్ అభ్యర్థి నాలుగో స్థానం. 21 ఏళ్లు నిండిన ఆడవాళ్లందరికీ ఓటు వచ్చాక జరిగిన మొదటి ఎన్నిక కాబట్టి, ఓటర్లూ బాగా పెరిగారు. శాండర్స్, సక్లత్‌వాలా ఓట్లు కలిపితే 19,819. ఆ పక్షం ఓట్లు పెరిగాయే తప్ప తగ్గలేదు. అవి రెండు చోట్లకు పోయాయి.

ఆ 6,554 గురించి ఒక మాట. సొంత పార్టీ తప్ప వెనుక ఏ యంత్రాంగమూ లేకుండా వచ్చిన ఓట్లు అవి. నూటికి 18 మందికి పైగా. ఆయన కోసమే వేసిన ఓట్లు అవేనని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత మళ్లీ పోటీ చేశారా?

చేశారు. 1930లో గ్లాస్గోలోని షెటిల్‌స్టన్ ఉప ఎన్నికలో నిలబడ్డారు, గెలవలేదు. 1931లో మళ్లీ బాటర్‌సీ నార్త్ నుంచి దిగితే 3,021 ఓట్లే వచ్చాయి. డిపాజిట్ దక్కాలంటే పోలైన ఓట్లలో ఎనిమిదో వంతు రావాలి, అది కూడా రాలేదు. 1936 జనవరి 16న లండన్‌లో చనిపోయారు. చితాభస్మాన్ని సర్రే జిల్లాలోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో పార్సీల స్థలంలో ఉంచారు. ఆ ఏడాదే మొదలైన స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడటానికి వెళ్లిన బ్రిటిష్ వాలంటీర్ల దళానికి మొదట ఆయన పేరే పెట్టారు.

1931 నుంచి 1983 దాకా ఎవరు గెలిచారు?

1931లో దేశమంతా గాలి కన్సర్వేటివ్‌ల వైపు వీచింది, ఇక్కడా మార్స్‌డెన్ గెలిచారు. ఆయన నౌకాదళ అధికారి. 1916లో జట్లాండ్ సముద్ర యుద్ధంలో ఆయన నడిపిన ‘ఆర్డెంట్’ నౌక మునిగిపోతే బతికి బయటపడ్డవాళ్లు ఇద్దరే, అందులో ఆయన ఒకరు. ఈ సీటు కన్సర్వేటివ్‌ల చేతికి వచ్చింది ఆ ఒక్కసారే.

1935లో శాండర్స్ తిరిగి గెలిచారు. ఆయన రాజీనామా చేయడంతో 1940 ఏప్రిల్‌లో ఉప ఎన్నిక వచ్చింది. యుద్ధకాలంలో ఒకరి సీట్లో ఒకరు పోటీ చేయకూడదని పెద్ద పార్టీలు ఒప్పందం చేసుకున్నాయి. లేబర్ అభ్యర్థి ఫ్రాన్సిస్ డగ్లస్‌కు ఎదురు నిలిచింది యుద్ధ వ్యతిరేక అభ్యర్థి ఒక్కరే, ఆయనకు వెయ్యి ఓట్లు కూడా రాలేదు. 1946లో డగ్లస్‌ను మాల్టా గవర్నర్‌గా పంపారు. మళ్లీ ఉప ఎన్నిక, డగ్లస్ జే గెలుపు.

జే 37 ఏళ్లు అక్కడి ఎంపీగా ఉన్నారు. విల్సన్ ప్రభుత్వంలో 1964 నుంచి 1967 దాకా వాణిజ్య మంత్రి. ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో బ్రిటన్ చేరకూడదని చివరిదాకా వాదించిన మనిషి. ఆయన కాలంలో ఇది లేబర్‌కు కంచుకోట, ఎన్నికల రాత్రి ఇక్కడి ఫలితం కోసం ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదు.

1983లో ఎందుకు రద్దు చేశారు?

జనం తగ్గారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, రేవుల పని పోయింది, కుటుంబాలు లండన్ బయటి ఊళ్లకు వెళ్లిపోయాయి. లండన్ లోపలి చాలా నియోజకవర్గాల్లో ఓటర్ల సంఖ్య పడిపోవడంతో, హద్దులు తిరగరాసినప్పుడు సీట్లను కలిపేశారు. బాటర్‌సీ నార్త్, బాటర్‌సీ సౌత్‌లో కొంత కలిసి మళ్లీ ఒకే బాటర్‌సీ అయింది. 2008 పునర్విభజనలో మన హనుమకొండ, మిర్యాలగూడ, సిద్దిపేట, తెనాలి, బొబ్బిలి లోక్‌సభ స్థానాలు పోయినట్టే. పి.వి. నరసింహారావు గారిని 1977లో లోక్‌సభకు పంపిన హనుమకొండ పేరు ఇప్పుడు పార్లమెంటు జాబితాలో లేదు. ఊరు అలాగే ఉంటుంది, పేరు పాత ఫలితాల పట్టికల్లోకి పోతుంది.

జే ఆ ఎన్నికతో రిటైరయ్యారు. నది ఒడ్డున ఉన్న బాటర్‌సీ విద్యుత్ కేంద్రం చివరి చిమ్నీల్లో పొగ ఆగింది కూడా ఆ 1983లోనే.

కొత్త బాటర్‌సీ సీటులో ఏం జరిగింది?

క్లుప్తంగా: 1983లో లేబర్ తరఫున ఆల్ఫ్ డబ్స్, 1987లో కన్సర్వేటివ్ జాన్ బోవిస్, 1997లో లేబర్ మార్టిన్ లింటన్, 2010లో కన్సర్వేటివ్ జేన్ ఎల్లిసన్, 2017 నుంచి లేబర్ మార్షా డి కోర్డోవా. పాత కంచుకోట పోయి, గాలి మారినప్పుడల్లా చేతులు మారే సీటు అయింది. ఇళ్ల ధరలు పెరిగి మనుషులు మారిపోవడం ఇందుకు పెద్ద కారణం.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఇప్పుడు అక్కడ ఓటు వేయవచ్చా?

వేయవచ్చు, చాలామందికి ఈ సంగతే తెలియదు. 18 ఏళ్లు నిండి, చట్టబద్ధమైన వీసా మీద అక్కడ నివసిస్తున్న భారత పౌరులు, చదువుకునేవాళ్లయినా ఉద్యోగులైనా, కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయడానికి అర్హులు. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. ముందుగా ఓటరుగా పేరు నమోదు చేసుకోవాలి. సక్లత్‌వాలాను నిలబెట్టిన పాత నియమం రూపం మార్చుకుని మిగిలిందే ఇది. మీ పిల్లలో బంధువులో అక్కడుంటే చెప్పండి.

ఆ రోజుల ఆనవాళ్లు ఇప్పుడు ఏమైనా కనిపిస్తాయా?

కనిపిస్తాయి. బ్రిన్‌మేర్ రోడ్‌లో జాన్ ఆర్చర్ ఉన్న ఇంటికి నీలం రంగు స్మారక ఫలకం పెట్టారు. 2013లో ఆయన బొమ్మతో బ్రిటిష్ తపాలా బిళ్ల వచ్చింది. షార్లెట్ డెస్పార్డ్ పేరుతో ఒక వీధి ఉంది. లాచ్‌మియర్ ఎస్టేట్‌లో ఇళ్లు చాలావరకు నిలిచే ఉన్నాయి, జనం కాపురాలు చేస్తున్నారు. క్లాఫమ్ జంక్షన్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. రిఫార్మ్ స్ట్రీట్, ఫ్రీడమ్ స్ట్రీట్, జూబర్ట్ స్ట్రీట్ బోర్డులు ఇంకా అక్కడే ఉన్నాయి.